దయ్యం కాలు, మా చిన్నమ్మ పొయ్యి

మా ఊళ్లో ఒక సినిమా బాగుందా లేదా అన్నది డేరా దగ్గర తేలేది కాదు. తెల్లారి బోరింగు దగ్గర తేలేది. రాత్రి సెకండ్ షో చూసొచ్చిన ఆడవాళ్లు నిద్ర చాలని కళ్లతో బిందెలు వరసలో పెట్టి, ఒకరు బోరింగు కొడుతుంటే ఇంకొకరు కథ ఎత్తుకునేవాళ్లు. చూడనివాళ్ల కోసం చెప్పడం కాదు, అక్కడున్న వాళ్లంతా చూసినవాళ్లే. అయినా చెప్పుకోవాలి. రాజకుమారి చీరె ఏ రంగుది, మాంత్రికుడు నవ్వితే ఎవరి పిల్లవాడు జడుసుకున్నాడు, చివర్లో కత్తియుద్ధం తొందరగా అయిపోయిందా లేదా. తీర్పులన్నీ అయ్యేసరికి ఎండ ఎక్కేది. మగవాళ్ల తీర్పులు హోటల్లో అయ్యేవి కానీ, వాటికి అంత విలువ లేదు. వాళ్లు టీ గ్లాసు ఖాళీ అయ్యేలోపే తేల్చేసేవాళ్లు.

మాది కోదాడ దగ్గర పల్లె. అప్పుడు నల్గొండ జిల్లా, ఇప్పుడు సూర్యాపేట జిల్లా. సాగర్ ఎడమ కాలువ నీళ్లొచ్చి చేతుల్లో నాలుగు పైసలు ఆడుతున్న రోజులు. సంక్రాంతి దాటి వడ్లు ఇంటికి చేరాయంటే పక్కూరి చెరువు కట్ట కింద టూరింగ్ టాకీస్ డేరా లేచేది. తొలకరి పడేదాకా ఉండేది. నేల, బెంచీ, కుర్చీ. నేల అంటే ఇసుకే. ముందు వెళ్లినవాడు ఇసుకను కుప్పగా చేసుకుని సింహాసనం ఎక్కినట్టు కూర్చుంటే వెనకవాడికి తెర కనబడేది కాదు. ఆ పంచాయితీ తెర మీద బొమ్మ పడేదాకా నడిచేది. ఘంటసాల పాడిన వెంకటేశ్వరస్వామి పాట మైకులో వినబడిందంటే ఇక ఆట మొదలుపెడతారని గుర్తు. మేం ఇంకా పొలం గట్ల మీదే ఉండేవాళ్లం. అక్కడి నుంచి పరుగు.

డేరాలో ప్రొజెక్టర్ ఒకటే. రీలు అయిపోగానే లైటు వేసి, ఇంకో రీలు ఎక్కించేదాకా ఆగాల్సిందే. పట్నం హాల్లో ఇంటర్వెల్ ఒకటైతే మాకు ఐదారు. సరిగ్గా మాంత్రికుడు దండం ఎత్తే సమయానికి తెల్లటి వెలుగు తెర మీద పడి అంతా ఆగిపోయేది. ఆ సందులో పల్లీలమ్మేవాడు తిరిగేవాడు, చంటిపిల్లలు లేచేవాళ్లు, తర్వాత ఏమవుతుందో తలా ఒక కథ అల్లేవాళ్లు. ఒక్కోసారి మావాళ్లు అల్లిన కథే బాగుండేది. ఇది ఇప్పుడు అనిపిస్తున్న మాట కాదు, అప్పుడే మా అత్త పైకి అనేసింది, “నేను చెప్పినట్టు తీస్తే ఇంకా మంచిగుండేది” అని.

ఆ డేరాలో ఎక్కువగా ఆడింది విఠలాచార్య సినిమాలే. పోస్టర్ మీద హీరో ఎవరన్నది తర్వాత సంగతి. “ఇఠలాచారి బొమ్మ” అంటే చాలు, ఎడ్లబండ్లు కట్టేవాళ్లు. ఆ పేరు మనిషి పేరని నాకు చాలాకాలం తెలియదు, దయ్యాల సినిమాకు అదో జాతి పేరనుకున్నాను. తర్వాతెప్పుడో తెలిసింది, ఆయన ఉడుపి దగ్గర ఉద్యావరలో 1920లో పుట్టిన కన్నడిగుడని, సినిమాలు తీయకముందు తనే టూరింగ్ టాకీస్ నడిపాడని. అది తెలిశాక చాలా విషయాలు అర్థమయ్యాయి. నేల టికెట్టువాడు ఎక్కడ ఈల వేస్తాడో, ఎక్కడ బీడీ ముట్టించుకోవడానికి లేచిపోతాడో డేరాలో నిలబడి చూసిన మనిషి ఆయన. అందుకే ఆయన సినిమాలో ఎవరైనా రెండు నిమిషాలకు మించి మాట్లాడితే వెంటనే ఒక పుర్రె నవ్వేది.

తక్కువ ఖర్చు, తక్కువ రోజులు, అదే ఆయన లెక్క. జానపద బ్రహ్మ అన్నారు కానీ ఆ బ్రహ్మకు మట్టి కూడా కొలిచి వాడే అలవాటు. ఒక కోట సెట్టు వేస్తే దానికే తెరలు మార్చి, రంగు మార్చి రాజుగారి సభ చేసేవాడు, రాక్షసుడి గుహ చేసేవాడు. డేట్లు ఇవ్వక సతాయించిన నటుణ్ని కథలో శాపం పెట్టి చిలకనో కుక్కనో చేసేసేవాడని, ఇక ఆ మనిషి రాకపోయినా షూటింగ్ ఆగేది కాదని సినిమావాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. నిజమెంతో కానీ, ఆయన సినిమాలు చూసినవాళ్లెవరూ ఈ మాట నమ్మడానికి వెనకాడరు.

మా ఊళ్లో ఈ పొదుపును కనిపెట్టింది దర్జీ. సినిమా చూస్తూ కూడా ఆయన చూపంతా కుట్టు మీదే. “ఆ పచ్చ మఖమల్ అంగీ ఉన్నది చూడు, పోయిన బొమ్మల సేనాపతి తొడుక్కున్నదే. చంకల దగ్గర విప్పి పెద్దది చేసిండ్రు” అనేవాడు. నిజమో అబద్ధమో మాకేం తెలుసు. కానీ ఆయన చెప్పాక మేమంతా రాజుగారి ముఖం మానేసి చంకలే చూసేవాళ్లం.

ఇక మా తాత. ఆయనకు సినిమా అంటే కాంతారావు. కాంతారావు సొంతూరు గుడిబండ, మా కోదాడ పక్కనే. ‘జయవిజయ’ మొదలుకుని ‘జ్వాలాద్వీప రహస్యం’ దాకా విఠలాచార్య దగ్గర కత్తి పట్టింది మా పక్కూరి మనిషని చెప్పుకోవడంలో తాతకు ఎంత గర్వమో. ఆయన్ని చిన్నప్పుడు ఎదురుగా చూశానని కూడా అనేవాడు. నిజంగా చూశాడో లేదో నాకు తెలియదు, ప్రతిసారీ చూసిన చోటు మారేది. తెర మీద కాంతారావు కత్తి దూస్తే తాత చేతికర్ర ఒక్కసారి పైకి లేచేది. పక్కన కూర్చున్నవాళ్లు జరిగి కూర్చునేవాళ్లు.

అందుకని ‘జగన్మోహిని’ వచ్చినప్పుడు ఇంట్లో మొదటి గొడవ తాతదే. ఆ సినిమా 1978లో విడుదలైంది. మా డేరాకు చేరేసరికి రెండేళ్లు పట్టింది, నాకప్పుడు తొమ్మిదేళ్లు. హీరో నరసింహరాజు. “కాంతారావు లేనిది విఠలాచార్య బొమ్మ ఎట్లయితది? పెసరపప్పు లేకుండ పెసరట్టు పోసినట్టు” అని తాత రానన్నాడు. రానన్నవాడు అందరికంటే ముందు చెప్పులేసుకుని వాకిట్లో నిలబడ్డాడు. అడిగితే, “పిల్లలున్నరు గదా, చీకట్లో ఎవరన్న పెద్దమనిషి ఉండాలె” అన్నాడు.

ఎండాకాలం చివర. డేరా ఎత్తేయడానికి ఇంకో వారం ఉందేమో. ఇంటిల్లిపాదీ వెళ్లాం. మా నాయనమ్మ, తాత, అమ్మానాన్న, బాబాయి, కొత్తగా కాపురానికి వచ్చిన చిన్నమ్మ, అత్త, పిల్లలం. చిన్నమ్మకు మా ఊరొచ్చాక అదే మొదటి సినిమా. కొత్తకోడలు సినిమాకి ఏంటని బోరింగు దగ్గర ఎవరో అంటే, నాయనమ్మే “మా కోడలు, మా ఇష్టం” అని తీసుకొచ్చింది.

కథ మీకందరికీ తెలిసిందే. ఒకవైపు ఇల్లాలు ప్రభ, ఒకవైపు దయ్యం జయమాలిని, మధ్యలో నరసింహరాజు. ఇప్పటికీ ఆ సినిమా పేరు చెప్పగానే అందరికీ గుర్తొచ్చే దృశ్యం ఒకటుంది. దయ్యం వంటకు కూర్చుంటుంది. పొయ్యిలో కట్టెలు ఉండవు. తన కాలు తీసి పొయ్యిలో పెడుతుంది. కాలు మండుతుంది, పైన గిన్నె ఉడుకుతుంది.

డేరా మొత్తం కేక పెట్టింది. నేను నాయనమ్మ కొంగులో తల దూర్చాను. ఒక కన్ను మాత్రం బయటే ఉంచానని ఒప్పుకోవాలి. కేకలన్నీ అయ్యాక ఆడవాళ్ల వైపు నుంచి ఒక నవ్వు వినబడింది. ఒక్కరే, ఆపుకోలేక నవ్వుతున్నారు. అది మా చిన్నమ్మ. కొత్తకోడలు అంత గట్టిగా నవ్వడం మా ఇంట్లో ఎవరూ అప్పటిదాకా వినలేదు.

తెల్లారి బోరింగు దగ్గర తీర్పు రెండుగా చీలింది. ఇల్లాలి పక్షం, దయ్యం పక్షం. పతివ్రత కష్టం చూసి ఏడ్చిన వాళ్లు ఒకవైపు. రెండో పక్షానికి నాయకురాలు మా అత్త. ఆవిడ వాదన సూటిగా ఉండేది. “ఏడ్చుకుంట కూసున్నదానికంటే దయ్యమే నయం. వంట చేసింది, పని చేసింది. మనం చేస్తే ఎవరన్న చూసిండ్రా? అది చేస్తే మాత్రం అంతా నోరు తెరిచి చూసిండ్రు.” ఆ వాదనకు ఎవరూ సరైన జవాబు చెప్పలేదు. చెప్పేలోపే బిందెల వరస కదిలింది.

తాయెత్తులు కట్టే ముసలాయన ఒకాయన ఉండేవాడు ఊళ్లో. దయ్యాల విషయంలో మాకు ఆయనే ఆఖరి మాట. ఆయన సినిమా చూసి పెదవి విరిచాడు. దయ్యానికి పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయి, ఈవిడకు ముందుకే ఉన్నాయి, కాబట్టి తీసినవాడికి దయ్యాల సంగతి తెలియదు అని తేల్చేశాడు. పైగా దయ్యం అన్ని నగలు పెట్టుకోదట. నాలుగు రోజులు పోయాక ఆయన మాట మారింది. సినిమా చూసి రాత్రిళ్లు పిల్లలు ఉలిక్కిపడుతున్నారని తల్లులు తాయెత్తుల కోసం ఆయన అరుగు ముందు బారులు తీరారు. “బొమ్మ మంచిగనే ఉన్నది, పాదాలే కొంచెం…” అనేవాడు.

మా నాన్న బడిపంతులు. మూఢనమ్మకాలంటే మంట. అందుకే సినిమాకు వచ్చాడో, సినిమా చూడాలని ఉండి మూఢనమ్మకాల వంక పెట్టుకున్నాడో కానీ, దయ్యాల డాన్సు దగ్గర మాత్రం మాతో సమానంగా నవ్వాడు. ఇంటికొచ్చాక నా భయం పోగొట్టే బాధ్యత నెత్తిన వేసుకున్నాడు. కెమెరాను కదలకుండా పెడతారు, మనిషి నిలబడి ఉంటాడు, కెమెరా ఆపుతారు, మనిషి పక్కకు పోతాడు, మిగతావాళ్లు ఉన్నచోటే ఉలకకుండా పలకకుండా ఉంటారు, మళ్లీ కెమెరా నడుపుతారు. తెర మీద చూసేవాడికి మనిషి మాయం. నాకు ఎక్కలేదు. అప్పుడు నా లెక్కల నోటుబుక్కు తీసుకుని, పేజీల మూలన పెన్సిల్‌తో ఒక చిన్న మనిషిని గీశాడు. పేజీ పేజీకీ అదే మనిషి, అదే చోట, ముప్ఫై పేజీలు. ముప్ఫై ఒకటో పేజీ మూలన ఏమీ లేదు. తర్వాతి పేజీల్లో ఒక కుక్క. బొటనవేలితో టపటపా వదిలితే మనిషి నిలబడి, మాయమై, కుక్కయ్యాడు.

ఆ నోటుబుక్కు బళ్లో చేతులు మారి మారి మూలలు నల్లబడిపోయింది. దయ్యం భయం పోయిందా అంటే, పోలేదు. ఎట్లా తీస్తారో తెలిసింది, భయం దాని దారిన అది ఉంది. రెండూ ఒకదానికొకటి అడ్డం రాలేదు. పైగా చదువుతో పాటు నాన్న నాకు ఇంకో జబ్బు అంటించాడు. ఆ రోజు నుంచి తెర మీద ఎవరు మాయమైనా వెనకున్నవాళ్లు కదిలారా లేదా అని చూడటం మొదలుపెట్టాను. చాలాసార్లు కదిలేవాళ్లు. ఒక ముసలి మంత్రి గడ్డం గాలికి ఎడమవైపు ఉండేది, మాంత్రికుడు మాయమయ్యేసరికి కుడివైపు ఉండేది. దాన్ని పట్టుకున్న రోజు నాకు కలిగిన ఆనందం పదో తరగతి పాసైనప్పుడు కూడా కలగలేదు.

ఆ ఆనందాన్నే ఒకసారి నాయనమ్మ దగ్గర ఒలకబోశాను. వేరే సినిమా, ఏదో ఇప్పుడు చెప్పలేను, ఆ సినిమాలన్నీ నా తలలో ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. ఒక కత్తి దానంతటదే గాల్లో లేచి రాక్షసుడి మీదికి పోతోంది. ప్రింటు పాతది, గీతలు గీతలుగా ఉంది. అయినా కత్తికి కట్టిన దారం స్పష్టంగా కనబడింది. “నాయనమ్మా, దారం కట్టి లాగుతున్నరు, అదిగో దారం!” అని అరిచాను. చుట్టుపక్కల ఇద్దరు ముగ్గురు నవ్వారు. నాయనమ్మ చూపు తెర మీంచి తిప్పలేదు.

“నాకు కనబడలేదనుకుంటున్నవా? కనబడ్డది. దారం ఉంటే ఏందిరా, కత్తి లేసిందా లేదా?”

కోలాటం, తోలుబొమ్మలాట, యక్షగానం చూసి పెరిగిన మనిషి ఆవిడ. తోలుబొమ్మకు కర్రలు కనబడతాయి, ఆడించేవాడి నీడ కనబడుతుంది. అయినా ఆంజనేయుడు లంకకు ఎగిరితే ఎగిరినట్టే. ఆవిడ లెక్కలో సినిమా అంతకంటే గొప్పదేమీ కాదు, దొంగతనం పట్టుకోవడానికి మేం పోలీసులమూ కాము. ఇప్పుడు మా బంధువుల పిల్లలు సినిమాకు పోయి వచ్చి గ్రాఫిక్స్‌కు మార్కులేస్తారు. వాళ్లను చూస్తే నాకు తొమ్మిదేళ్ల నేనే కనబడతాను. నాయనమ్మలు మాత్రం కనబడటం లేదు.

సరే, అసలు చెప్పాలనుకున్నది ఇది కాదు.

‘జగన్మోహిని’ చూసి ఇంటికొచ్చిన రాత్రే గాలివాన వచ్చింది. పెరట్లో ఆరబెట్టిన తుమ్మకట్టెలు మొత్తం తడిసిపోయాయి. మా ఇంట్లో అప్పుడు పదకొండు మందిమి. పొద్దున్నే అందరికీ అన్నం వండాలి, పొలానికి సద్దులు కట్టాలి. వంట చిన్నమ్మ వంతు. తడి కట్టె ఎక్కడ అంటుకుంటుంది? పిడక విరిచి పెట్టింది, కందికంప పెట్టింది, కిరసనాయిలు రెండు చుక్కలు పోసింది. భగ్గుమని మండటం, ఆరిపోవడం. ఊదుగొట్టం పట్టుకుని ఊది ఊది కళ్లు చింతనిప్పులయ్యాయి. వంటింటి నిండా పొగ. నేను గడప దగ్గర కూర్చుని మజ్జిగన్నం కోసం ఏడుపుముఖం పెట్టాను. అమ్మ కూరగాయలు తరుగుతోంది. నాయనమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతోంది.

చిన్నమ్మ ఊదుగొట్టం పక్కన పడేసింది. కొంగుతో కళ్లు తుడుచుకుంది. పెళ్లయి వచ్చాక అత్తగారి ముందు నోరు విప్పి మాట్లాడింది లేదు. ఆ రోజు ఏమైందో ఏమో.

“అక్కా, ఆ జయమాలినిది ఎంత సుఖమే! కట్టె కొట్టుకొచ్చే పన్లేదు, ఎండబెట్టే పన్లేదు, ఊదే పన్లేదు.”

అని, పీట మీద వెనక్కి జరిగి, చీరె కుచ్చెళ్లు కొంచెం పైకి లాగి, కుడికాలు చాచి పొయ్యి నోట్లో పెట్టబోయింది. నేను కెవ్వుమని అరిచాను. నిజంగా పెడుతుందనే అనుకున్నాను. రాత్రి చూసింది ఇంకా కళ్లలోనే ఉంది. ఆ పొగలో, జుట్టు రేగి, ఎర్రటి కళ్లతో, కాలు చాచిన చిన్నమ్మ అచ్చం తెర మీది మనిషిలాగే ఉంది. అమ్మ కత్తిపీట ముందు అట్లాగే ఆగిపోయింది. అందరం నాయనమ్మ వైపు చూశాం. కొత్తకోడలు అత్త ముందు కాలు చాచడమే పెద్ద తప్పు, అందులోనూ పొయ్యికి. పొయ్యి అంటే మా ఇంట్లో శుక్రవారం పసుపూ కుంకుమా పెట్టే చోటు.

నాయనమ్మ తల ఎత్తలేదు. చాటలో వేలితో ఒక రాయి పక్కకు నెట్టింది.

“పెడితే పెట్టినవ్ గానీ ముందు పట్టీ తియ్యి. వెండి కరిగిపోతది.”

చిన్నమ్మ ఒక్క క్షణం ఆగి పకపకా నవ్వింది. రాత్రి డేరాలో విన్న నవ్వు అదే. అమ్మ నవ్వింది. చివరికి నాయనమ్మ కూడా చాట కింద పెట్టి, పళ్లు లేని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. పొయ్యి ఎప్పుడు అంటుకుందో నాకు గుర్తులేదు. అన్నం మాత్రం ఆ రోజు పొగవాసన వేసింది, ఎవరూ ఏమీ అనలేదు. తాత ఒక్కడే కంచం ముందు కూర్చుని, “కాంతారావు ఉంటే…” అని ఏదో మొదలుపెట్టాడు. ఎవరూ వినలేదు.

ఆ తర్వాత మా ఇంట్లో కట్టెలు తడిసిన ప్రతిసారీ అదే మాట. “పట్టీ తీస్తున్నవా?” అని అమ్మ అడిగేది. పొయ్యి దగ్గర కష్టం అంతా ఆ ఒక్క మాటలో తేలిపోయేదని నేను అనను. చిన్నమ్మ కళ్లు ఎప్పుడూ కొంచెం ఎర్రగానే ఉండేవి, దగ్గు ఉండేది. మేం అది చిన్నమ్మ అలవాటనుకునేవాళ్లం.

డేరా ఎనభైల మధ్యలో పోయింది. అది ఉన్న చోట ఇప్పుడు రైస్‌మిల్లు గోడౌన్. తాత పోయాడు, నాయనమ్మ పోయింది. 1999 మే నెలలో విఠలాచార్య పోయారని పేపర్లో చూసినప్పుడు నేను హైదరాబాదులో ఉద్యోగంలో ఉన్నాను. కాంతారావు ఇంకో పదేళ్లు, 2009 దాకా ఉన్నారు. ఆ ఏడాదే తమిళంలో నమితను పెట్టి ‘జగన్మోహిని’ మళ్లీ తీశారు. అందులో కాలు ఎట్లా కాలిందో నేను చూడలేదు, చూడాలనిపించలేదు.

విఠలాచార్య పోయిన ఏడాదే దీపం పథకం మొదలైంది. డ్వాక్రా సంఘాల్లో ఉన్న ఆడవాళ్లకు గ్యాస్ కనెక్షన్లు ఇచ్చారు. మా చిన్నమ్మకు ఆ మరుసటి ఏడాది వచ్చింది. నేను సెలవుకి ఊరెళ్లిన రోజే స్టవ్వు బిగించారు. బాబాయి వంటింట్లో బండ పోయించి దాని మీద పెట్టాడు. బిగించే కుర్రవాడు రెగ్యులేటర్ ఎట్లా తిప్పాలో చెప్పి పోయాడు. అగ్గిపుల్ల గీసి దగ్గర పెట్టడానికి చిన్నమ్మ చెయ్యి వణికింది. రెండు పుల్లలు ఆరిపోయాయి. మూడోదానికి బుస్సుమని నీలం మంట గుండ్రంగా లేచింది.

పొగ లేదు, ఊదేది లేదు. చిన్నమ్మ ఒక అడుగు వెనక్కి వేసి మంట వంక చూసింది. తర్వాత వంగి తన కాళ్ల వంక చూసుకుంది. అదే పట్టీలు, అరిగి సన్నబడ్డాయి.

“మీ నాయనమ్మ ఉంటే తియ్యమనేది” అని, గిన్నెలో నీళ్లు పోసి స్టవ్వు మీద పెట్టింది.